పట్టు మీద ప్రాణులు: ఒక పశువైద్యుడి చైనా యాత్ర

మొదటి రోజు, చాంగ్‌షా

ఈ ప్రయాణానికి కారణం ఒక పిచ్చుక పిల్ల.

షెన్‌యాంగ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనల్లుడు రెండేళ్ల కిందట సంక్రాంతికి వస్తూ ఒక చైనా బొమ్మ నకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 10వ శతాబ్దంలో చెంగ్డూలో ఉన్న హువాంగ్ చ్యువాన్ అనే ఆస్థాన చిత్రకారుడు పట్టు మీద వేసింది. పిట్టలు, పురుగులు, రెండు తాబేళ్లు, మొత్తం 24 ప్రాణులు. అందులో ఒక పిచ్చుక పిల్ల రెక్కలు అల్లాడిస్తూ, నోరు బార్లా తెరిచి మేత అడుగుతోంది. మా వసారా దూలం మీది గూట్లో ప్రతి వేసవికీ చూసేదే. ప్రకాశం జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యం చేసినవాణ్ని. గొడ్డునీ పిట్టనీ చూడటమే నా బతుకు. ఆ రెక్కల వణుకును వెయ్యేళ్ల కిందటే ఒకాయన పట్టుకుని పెట్టాడని తెలిశాక మనసు ఊరుకోలేదు.

ఈ ఆగస్టులో మేనల్లుడి ఫోను. "మావయ్యా, హుయీజోంగ్ చక్రవర్తి సారసాల బొమ్మ మా ఊరి మ్యూజియంలో బయటికి తీస్తున్నారు. మళ్లీ ఎప్పుడు తీస్తారో తెలీదు. సెప్టెంబరులో వచ్చేయండి" అన్నాడు. పట్టు బొమ్మల్ని ఏడాది పొడుగునా గోడకు వేలాడదీయరు. కొద్ది వారాలు చూపించి, మళ్లీ చుట్ట చుట్టి, ఏళ్ల తరబడి చీకట్లో దాచేస్తారు. వెలుతురు తగిలేకొద్దీ పట్టు చివికిపోతుంది, రంగు వెలిసిపోతుంది. అందుకే తారీఖులన్నీ ఆ బొమ్మను బట్టే కుదుర్చుకున్నాం. అన్నిటికంటే పాతవి ఉన్న చాంగ్‌షాతో మొదలుపెట్టి, ఉత్తరంగా వెళ్లి, వాడి ఊరు చేరాలని.

హూనాన్ మ్యూజియంలో మొదట చూసింది రెండు చిన్న పట్టు ముక్కలు. రెండూ ఈ ఊరి దగ్గర సమాధుల్లో దొరికినవి, ఇంచుమించు 2,300 ఏళ్ల నాటివి. ఒకటి 1949లో బయటపడింది, రెండోది 1973లో. రెండోదాని కొలత 37.5 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు. కత్తి పెట్టుకున్న మనిషి ఒకడు పడవలా వంగిన డ్రాగన్ మీద నిలబడి పగ్గం పట్టుకున్నాడు. డ్రాగన్ తోక మీద ఒక కొంగ తల ఎత్తి నిలుచుంది. కింద ఒక చేప ఈదుతోంది. డ్రాగన్‌ని ఎవరూ చూసి ఉండరు. కొంగను మాత్రం చూశాడు, అనుమానం లేదు. ఒంటికాలి మీద బరువు వేసి, మెడ నిటారుగా నిలిపే ఆ తీరు గీత తెలిసినంత మాత్రాన రాదు. చెరువు గట్టున కూర్చున్నవాడికే వస్తుంది.

తర్వాత మావాంగ్‌దుయి గది. 1972లో తవ్విన సమాధి అది. అందులో ఉన్నావిడ చాంగ్‌షా రాజ్యపు మంత్రి భార్య షిన్ జుయి, క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం మనిషి. చుట్టూ బొగ్గు, దాని మీద తెల్లబంకమట్టి దట్టంగా కూరి గాలి చొరకుండా చేయడంతో దేహం చెడిపోలేదు. కడుపులో 138 దోస జాతి పండు గింజలు దొరికాయి. మేనల్లుడు డాక్టరు చదువు వాడు కాబట్టి ఆవిడ పిత్తాశయంలో రాళ్లు, గుండె రక్తనాళాల జబ్బు గురించి రాసిన పలక దగ్గరే నిలబడిపోయాడు. నేను మాత్రం ఆవిడ లోపలి శవపేటిక మీద కప్పిన పట్టు పతాకం ముందుకి వెళ్లాను.

టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. నిలువు 205 సెంటీమీటర్లు. గదిలో దీపాలు అంత మసకగా ఉన్నాయంటే, కళ్లు అలవాటు పడటానికే అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఒక్కొక్క ప్రాణీ చీకట్లోంచి లేచి వచ్చింది. అట్టడుగున రెండు పెద్ద చేపలు పెనవేసుకుని ఉన్నాయి. వాటి మీద నిలబడ్డ మరుగుజ్జు నేలను మోస్తున్నాడు. పక్కన తాబేళ్లు, వాటి వీపుల మీద గుడ్లగూబలు. నడుమ రెండు డ్రాగన్లు ఒక రాతి చక్రం కన్నంలోంచి దూరి మెలిక పడ్డాయి. దాని పైన చేతికర్ర పట్టుకుని, నడుం కాస్త వంగిన ముసలావిడ, షిన్ జుయే. ఇంకా పైన స్వర్గ ద్వారం, దాని స్తంభాల మీద పాకుతున్న చిరుతలు.

అన్నిటికంటే పైన కుడివైపు ఎర్రటి సూర్యుడు, అందులో నల్లని కాకి. చైనా కథల్లో సూర్యుడి కాకికి మూడు కాళ్లంటారు. ఇక్కడ దానికి రెండే కాళ్లు. ఎడమవైపు చంద్రవంక, దాని మీద ఒక పెద్ద కప్ప, దూకుతున్న కుందేలు. అక్కడ నా కాళ్లు కదల్లేదు. చిన్నప్పుడు మా అమ్మ పెరట్లో మంచం వేసి, చందమామలో చెవులపిల్లి చూపించి అన్నం పెట్టేది. శశాంకుడన్న పేరే దాన్నుంచి వచ్చింది. మనకి లేని కప్ప ఒకటి వాళ్లకి ఉంది, అదీ కుందేలు కన్నా పెద్దది. నోరు వెడల్పు, ఒళ్లంతా గరుకు, మా బావుల్లో ఉండే గోదురుకప్ప లాంటిదే. కుందేలు వెనక కాళ్లు మాత్రం పూర్తిగా చాచి ఉన్నాయి. కుందేలు దూకేటప్పుడు బలమంతా ఆ కాళ్లలోనే.

రాత్రి తిన్న కూరలో పండుమిరపకాయలు గుంటూరుకి తీసిపోలేదు. కాళ్లనొప్పులతో తొందరగా పడుకున్నాం.

రెండో రోజు, చాంగ్‌షా

ఈ రోజు మ్యూజియం లేదు. యూలూ కొండ ఎక్కాం.

నేను అడిగి పెట్టుకున్న కొండ ఇది. 11వ శతాబ్దంలో యీ యువాన్‌జీ అనే చిత్రకారుడు ఈ చాంగ్‌షా వాడే. మొదట పూలూ పండ్లూ వేసేవాడు. ఇంకొక చిత్రకారుడి పని చూసి, తనకంటే ముందువాళ్లు ఎవరూ సరిగా వేయనిదాన్ని వేసి పేరు తెచ్చుకోవాలనుకుని, దుప్పుల్నీ గిబ్బన్ కోతుల్నీ ఎంచుకున్నాడు. వాటి కోసం అడవుల్లోకి వెళ్లి, కొండజాతి వాళ్ల ఇళ్లలో నెలల తరబడి ఉండిపోయేవాడట. ఇంటి వెనక చెరువులు తవ్వి, వెదురూ రెల్లూ నాటి, నీటిపక్షుల్ని పెంచి, గోడకి కన్నం పెట్టి అందులోంచి చూసేవాడని అతని కాలం చిత్రకళా రచయితే రాసి పెట్టాడు. ఆ కన్నం గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మనిషి కంటబడితే పిట్ట మామూలుగా ఉండదు. ఆవు కూడా అంతే. డాక్టరు సంచి చూడగానే జబ్బు దాచుకుంటుంది. నేను చాలాసార్లు దొడ్లోకి వెళ్లకుండా, గడ్డివాము చాటునుంచి పావుగంట చూసి అప్పుడు లోపలికి వెళ్లేవాణ్ని.

1064లో చక్రవర్తి ఇతన్ని రాజధానికి పిలిపించాడు. తెరల మీద బొమ్మలు వేయించాక, నూరు గిబ్బన్ల చిత్రం వేయమన్నాడు. మొదలుపెట్టి, పూర్తి కాకుండానే చనిపోయాడు. అతని 'కోతి, పిల్లులు' అనే పట్టు బొమ్మ ఇప్పుడు తైపేలోని మ్యూజియంలో ఉంది. మేకుకి కట్టేసిన కోతి ఒక పిల్లిపిల్లని ఒళ్లో బిగించి పట్టుకుంటుంది. రెండో పిల్లిపిల్ల వీపు విల్లులా వంచి, దూరంగా ఆగి, కోతి వైపు తిరిగి అరుస్తుంటుంది. కోపమూ భయమూ సమంగా ఉన్న పిల్లి ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి మా కాలేజీ పుస్తకాల కన్నా ఆ బొమ్మ మేలు.

కొండ మీద చెట్లు దట్టంగా ఉన్నాయి. ఉడతలు, పిట్టలు కనిపించాయి. గిబ్బన్లు మాత్రం ఈ రాష్ట్రంలోనే లేవు. ఒకప్పుడు యాంగ్‌జీ లోయంతా వాటి కూతలతో నిండి ఉండేదని పాత కవిత్వం చెబుతుంది. ఇప్పుడు చైనాలో యునాన్, గ్వాంగ్‌షీల చివర్లలో, హైనాన్ దీవిలో కొద్దిపాటి మిగిలాయి. షియాన్ దగ్గర రెండు వేల ఏళ్లు దాటిన ఒక రాజమాత సమాధిలో దొరికిన గిబ్బన్ పుర్రె ఇప్పుడున్న జాతుల్లో దేనితోనూ కలవదని, పూర్తిగా అంతరించిన జాతి అని 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే యీ యువాన్‌జీ చూసిన కొండలు ఉన్నాయి, నది ఉంది, చూసిన ప్రాణి లేదు. మధ్యాహ్నం దాకా ఒక బండ మీద కూర్చుని షియాంగ్ నదినే చూస్తుండిపోయాను. మేనల్లుడు కూడా ఏం మాట్లాడలేదు.

మూడో రోజు, రైల్లో

చాంగ్‌షా నుంచి బీజింగ్‌కి దాదాపు 1,600 కిలోమీటర్లు. ఆరు గంటల పైచిలుకులో దించేశారు. దారి పొడుగునా వరి, తర్వాత మొక్కజొన్న. ఒక్క గేదె కూడా కంటపడలేదు.

నాలుగో రోజు, బీజింగ్

పాత రాజప్రాసాదమే ఇప్పుడు మ్యూజియం. దానికి టికెట్లు ముందే పాస్‌పోర్టు నంబరుతో తీసుకోవాలి. మేనల్లుడు వారం ముందే తీసి పెట్టాడు. జనం జాతరలా ఉన్నారు. బొమ్మలు పెట్టిన మందిరంలోకి అడుగుపెడితే మాత్రం ఒక్కసారిగా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

నా పిచ్చుక పిల్ల ఇక్కడిదే, కానీ విశ్రాంతిలో ఉంది. ఆ సంగతి ముందే తెలిసినా, గది చివరిదాకా వెళ్లి వెతికాను. గోడ మీద ఉన్నవి మింగ్ వంశపు రాజుల కాలం నాటి పెద్ద వేలాడే చుట్టలు. నెమళ్లు, అడవి కోళ్లు, బాతులు జంటలు జంటలుగా, ఒక్కో చుట్టకి ఒక్కో రుతువు. గొప్ప పనే. నా మనసు మాత్రం అంతగా నిలబడలేదు. దర్బారు గోడకి అలంకారంగా వేసినప్పుడు పక్షి కూడా దర్బారులో నిలబడ్డట్టే నిలబడుతుంది. ఇది నా అభిప్రాయం. మేనల్లుడికి అవే ఎక్కువ నచ్చాయి.

సాయంత్రం హోటల్ గదిలో మ్యూజియం వాళ్లు జనం కోసం పెట్టిన పెద్ద బొమ్మల్ని ట్యాబ్‌లో తెరిచి చూపించాడు. వేళ్లతో సాగదీస్తే పట్టు నేత పోగులు కూడా కనిపిస్తాయి. హువాంగ్ చ్యువాన్ బొమ్మ కింద ఒక మూల చిన్న అక్షరాలు ఉన్నాయి. కొడుకు జూబావ్‌కి నేర్చుకోవడానికి ఇచ్చినది అని. ఇన్నాళ్లూ నాకు తెలియదు. 24 ప్రాణులూ ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా ఎందుకు చెల్లాచెదురుగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. తండ్రి కొడుక్కి పెట్టిన ఒరవడి అది. పక్క నుంచి పిట్ట ఇలా, పై నుంచి తాబేలు ఇలా, కీచురాయి రెక్క లోంచి ఒళ్లు ఇలా కనిపిస్తుంది అని. మా నాన్న నాకు ఎద్దు పన్ను పట్టి వయసు చూడటం నేర్పింది కూడా ఇలాగే, ఒక్కో సంతలో ఒక్కో ఎద్దు దగ్గర ఆగి.

ఆ హువాంగ్ చ్యువాన్ కూడా ఒకచోట తప్పాడని 11వ శతాబ్దపు కవి సు షి రాశాడు. ఎగిరే పిట్టని మెడా కాళ్లూ రెండూ చాచినట్టు వేశాడట. చూసినవాడొకడు, పిట్ట మెడ ముడిస్తే కాళ్లు చాస్తుంది, కాళ్లు ముడిస్తే మెడ చాస్తుంది, రెండూ చాచదు అన్నాడట. పరిశీలిస్తే అదే నిజమైందని సు షి మాట. నాకు మటుకు ఒక అభ్యంతరం ఉంది. మా వైపు చెరువుల మీద ఎగిరే తెల్లకొంగ మెడ ముడుచుకునే కాళ్లు చాస్తుంది, నిజమే. కానీ నేలపట్టులో ఎర్రకాళ్ల కొంగలు మెడా కాళ్లూ రెండూ చాచే ఎగురుతాయి. సారసాలూ అంతే. ఆ ఆక్షేపణ చిన్న పిట్టలకీ తెల్లకొంగలకీ సరిపోతుంది గాని, అన్నిటికీ కాదు. షెన్‌యాంగ్‌లో చక్రవర్తి సారసాల్ని ఎలా వేశాడో చూడాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

సు షి చెప్పిన ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. దాయ్ సోంగ్ 8వ శతాబ్దంలో, టాంగ్ వంశపు రాజుల కాలంలో, ఎడ్లు వేయడంలో పేరు మోసినవాడు. అతని బొమ్మ ఒకటి ఒక పెద్దమనిషి ప్రాణంగా దాచుకున్నాడు. ఒకరోజు ఎండలో పెడితే, పశువుల కాపరి కుర్రాడు చూసి పకపకా నవ్వాడు. పోట్లాడే ఎడ్ల బలం కొమ్ముల్లోకి పోతుంది, తోక తొడల మధ్యకి బిగుస్తుంది, ఇతను తోకలు పైకెత్తి వేశాడు అన్నాడట. దున్నడం గురించి దున్నేవాణ్ని అడుగు, నేత గురించి నేసేదాన్ని అడుగు అన్న సామెతతో ముగించాడు సు షి.

"మావయ్యా, కాపరి మాట నిజమేనా? మీరు చెప్పండి" అన్నాడు మేనల్లుడు.

ఒంగోలు గిత్తల పోట్లాటలు విడదీసిన రోజులు గుర్తు చేసుకున్నాను. తలా తలా తాకించి, కాళ్లు నేలలో దిగేసి నెట్టుకునేటప్పుడు తోక కిందికి బిగుస్తుంది. నిజమే. ఒకటి ఓడి తిరిగి పరుగు తీసినప్పుడు, గెలిచింది వెంటబడినప్పుడు తోక లేస్తుంది. కాపరి పిల్లవాడు పోట్లాట నడిమి క్షణం గురించి మాట్లాడాడు. దాయ్ సోంగ్ వేసింది ఆ క్షణమో, దాని తర్వాతిదో బొమ్మ చూస్తేగాని చెప్పలేను అన్నాను. ఆ మాటకి వాడు చాలాసేపు ఆలోచించాడు.

దాయ్ సోంగ్ గురువు హాన్ హువాంగ్ వేసిన 'అయిదు ఎడ్లు' కూడా ట్యాబ్‌లో చూశాం. అది పట్టు కాదు, కాగితం. అయినా దాన్ని దాటి పోవడం నాకు చేతకాలేదు. నడుమ ఎద్దు సూటిగా మన ముఖంలోకి చూస్తుంది. ఎద్దుని ఎదురుగా వేయడం కష్టం, ఒళ్లంతా తల వెనక దాక్కుంటుంది. నాలుగు ఎడ్లకి ఏ కట్టూ లేదు, ఎడమ చివర దానికి మాత్రం తలకి ఎర్ర పట్టెడ. దాని కళ్లలో ఉన్నది అలసటో, కోపమో, ఏమో, అరగంట చూసినా తేల్చుకోలేకపోయాను. 20వ శతాబ్దం మొదట్లో దేశం దాటిపోయిన ఆ బొమ్మ 1950లలో హాంకాంగ్ నుంచి తిరిగి వచ్చింది.

పడుకోబోయే ముందు లి గోంగ్‌లిన్ అనే చిత్రకారుడి గుర్రాల చుట్ట చూశాం. పట్టు, నాలుగు మీటర్ల పైన పొడవు, 1,286 గుర్రాలు, 143 మంది మనుషులు. కుడినుంచి ఎడమకి జరుపుతుంటే మొదట గుర్రాలు కిక్కిరిసి, ఏటి వరదలా పోతాయి. పోనుపోను విడిపోయి, మేస్తూ, పొర్లుతూ కనిపిస్తాయి. మంద ఎప్పుడూ అంతే. తోలినంతసేపు ముద్దగా పోతుంది, వదిలేస్తే తన పని తాను చూసుకుంటుంది.

అయిదో రోజు, బీజింగ్

ఒక ఇరుకు సందులో, పాత పెంకుటింట్లో, పట్టు మీద బొమ్మలు నేర్పే టీచరు దగ్గరికి వెళ్లాం. యాభై ఏళ్లావిడ. పూటకి ఇంత అని తీసుకుని కొత్తవాళ్లకీ నేర్పుతారు. ఎంత ఓపికో చెప్పలేను.

పట్టుని చెక్క చట్రానికి నాలుగు వైపులా లాగి అతికించి ఉంచారు. తట్టితే డప్పులా మోగుతుంది. దాని మీద పటిక, తోలు బంక కలిపిన పలచటి నీళ్లు పూస్తారు. పూయకపోతే రంగు పోగుల వెంట పాకిపోతుంది. పూస్తే పెట్టిన చోటే ఆగుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డని కరక్కాయ, పాలలో ముంచి రంగు పాకకుండా చేస్తారని, ఎర్రరంగు పట్టడానికి పటికే వాడతారని చెప్పాను. మేనల్లుడు తర్జుమా చేశాడు. ఆవిడ కరక్కాయ ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించమన్నారు. గీశాను.

జంతువు బొచ్చు వేయడం అసలైన పని. ముందు లేత సిరా కడుగు, దాని మీద పొడి కుంచెని వేళ్లతో నొక్కి విడదీసి, ఒక్క తాకుడుతో ఏడెనిమిది వెంట్రుకలు. మళ్లీ ఆరనిచ్చి, మళ్లీ. కుందేలు ఒక్కదానికే వారాలు పడుతుందట. బొచ్చు ఏ దిక్కుకి వాలుతుందో తెలియకపోతే ఎన్ని గీతలు గీసినా దిండు అవుతుంది గాని జంతువు కాదు అన్నారావిడ. వీపు మీద వెనక్కి, భుజం దగ్గర సుడి తిరిగి, తొడ మీద కిందికి. నేను కుంచె పట్టుకోకుండానే వేలితో గాలిలో ఎద్దు సుళ్లన్నీ గీసి చూపించాను. మా వైపు ఎద్దుని కొనేటప్పుడు సుళ్లు చూసి బేరం చేస్తారని, ఏ సుడి ఎక్కడుంటే ఏమంటారో చెబితే ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు.

ఆ కుంచె పేరు 'తోడేలు వెంట్రుక'. ఏ తోడేలూ కాదు. వీజెల్ అనే, ముంగిసని పోలిన చిన్న జంతువు తోక వెంట్రుకలు. బంక పశువుల తోలు ఉడికించి తీసింది. తెలుపు రంగు నత్తగుల్లల పొడి. పట్టు సరేసరి, పురుగు కక్కిన దారం. కాసేపటికి నాకు తట్టింది. ఆ బల్ల మీద రాళ్ల రంగులు, సిరా, పటిక తీసేస్తే మిగిలినదంతా ప్రాణుల ఒంటిదే. పిచ్చుకని వేయడానికి వీజెల్ తోక ఇచ్చింది, ఆవు తోలు ఇచ్చింది, పట్టుపురుగు గూడు ఇచ్చింది. ఆవిడతో అంటే, కుంచె కింద పెట్టి, "మా గురువుగారు కుంచె కడిగేటప్పుడు నీళ్లని చెట్టుకి పోసేవారు, మురుగులో పోయనిచ్చేవారు కాదు" అన్నారు. ఇంకేం చెప్పలేదు.

పట్టు వెనక నుంచి కూడా రంగు వేస్తారని అక్కడే తెలిసింది. తెల్ల పిట్ట రొమ్ముకి వెనక పక్క తెలుపు పూస్తే, ముందు పక్క నుంచి లోపలి వెచ్చదనంలా కనిపిస్తుంది. కాగితానికి ఆ గుణం లేదు. కాగితం వెయ్యేళ్లు, పట్టు ఎనిమిది వందల ఏళ్లు అని చైనా వాళ్ల మాట. తక్కువ బతుకుతుందని తెలిసీ పట్టునే ఎంచుకున్నారు.

ఆరో రోజు

షెన్‌యాంగ్‌కి రైలు, మూడు గంటలు. మేనల్లుడి గది చేరేసరికి అతని తెలుగు స్నేహితులు నలుగురు పప్పుచారు కాచి ఎదురుచూస్తున్నారు. కడుపునిండా తిని పడుకున్నాను.

ఏడో రోజు, షెన్‌యాంగ్

ల్యావ్‌నింగ్ రాష్ట్ర మ్యూజియంలో వరసలో గంటన్నర నిలబడ్డాం. ఆ వరసలో పిల్లలూ ముసలివాళ్లూ ఎవరూ విసుక్కోలేదు.

అనుకున్నదానికన్నా చిన్నది. ఎత్తు 51 సెంటీమీటర్లు, వెడల్పు 138.2. కింద మబ్బుల్లో మునిగిన కోట ద్వారం పైకప్పు, పైనంతా లేత నీలి ఆకాశం. ఆ నీలంలో 18 సారసాలు చుట్టూ తిరుగుతున్నాయి. ఇంకో రెండు పైకప్పు కొసల మీద ఎదురెదురుగా వాలాయి. 1112లో, మాఘ పున్నమి లాంటి వాళ్ల దీపాల పండుగ మరునాటి సాయంత్రం, రాజధాని కైఫెంగ్‌లోని షువాన్‌ద ద్వారం మీద నిజంగా జరిగిందని చక్రవర్తే పక్కన తన చేతిరాతతో రాశాడు.

నేను వెతికింది మెడా కాళ్లూ. రెండూ చాచే ఉన్నాయి. పద్దెనిమిదింటిలో ఏదీ ఇంకోదానిలా లేదు. ఒకటి ఎదురుగా వస్తుంటే, ఒకటి పక్కకి ఒరిగి తిరుగుతుంది, ఒకటి తల వెనక్కి తిప్పి మిగతావి వస్తున్నాయా అని చూస్తుంది. మంద తిరిగేటప్పుడు అలా ఒకటి తప్పకుండా చూస్తుంది.

హుయీజోంగ్ చిత్రకారుల్ని ఎంత బాధపెట్టేవాడో ఆ తర్వాతి తరం రచయిత ఒకాయన రాశాడు. నెమలి గట్టెక్కే బొమ్మలన్నిటినీ తిప్పికొట్టి, నెమలి ఎప్పుడూ ముందు ఎడమ కాలే ఎత్తుతుందని చెప్పాడట. మా పొలాల్లో నెమళ్లు బోలెడు, ఇంటికెళ్లగానే చూడాల్సిన పని ఒకటి ఉంది. పక్షుల కళ్లకి లాకర్ చెట్టు పాలతో చుక్క పెట్టేవాడని, అది పట్టు మీద గింజలా పైకి ఉబ్బి ఉండేదని కూడా ఆ రచయితే రాశాడు. అద్దానికి ముక్కు ఆనించి, పక్క నుంచి వంగి చూశాను. కావలి అమ్మాయి మెల్లగా వెనక్కి జరగమంది.

ఆ చక్రవర్తి కథ తెలిసినవాళ్లకి ఈ సారసాల్ని చూస్తే గుండె బరువెక్కుతుంది. 1127లో ఉత్తరాది జుర్చెన్ల సైన్యం కైఫెంగ్‌ని పట్టుకుని, అతన్నీ కొడుకునీ బందీలుగా ఈ ఈశాన్యపు చలి దేశానికే తోలుకుపోయింది. 1135లో ఇక్కడికి ఇంకా ఉత్తరాన చనిపోయాడు. ఎనిమిది వందల ఏళ్లకి ఆఖరి చక్రవర్తి పూయీ రాజప్రాసాదంలోంచి తరలించిన చిత్రాల్లో ఇదీ ఉంది. అవి చాంగ్‌చున్ చేరి, 1945 తర్వాత ఈ మ్యూజియంలో మిగిలాయి. మేనల్లుడు ఫోనులో మ్యాపు తీసి, కైఫెంగ్, ఇక్కడ, అతను చనిపోయిన ఊరు మూడూ చూపించాడు.

"ఆ పక్షులు వేసవికి గుడ్లు పెట్టేది ఇటువైపే కదరా" అన్నాను.

"జాలోంగ్ మావయ్యా. మూడు నాలుగు గంటల దూరం. రేపు వెళ్దామా?"

ఎనిమిదో రోజు, జాలోంగ్

చిచిహార్ దగ్గర రెల్లు తప్ప మరేమీ లేని చిత్తడి నేల. 1979లో అభయారణ్యం చేశారు, 2,100 చదరపు కిలోమీటర్లు. గాలికి రెల్లంతా ఒకే వైపు వాలి లేస్తోంది. ఇక్కడ పెంపకంలో ఉన్న సారసాల్ని రోజుకి కొన్నిసార్లు విడుస్తారు. అవి ఎగిరి, ఒక చుట్టు తిరిగి వస్తాయి.

నెత్తి మీది ఎరుపు ఈక కాదు, ఉత్త చర్మం. పక్షి ఉద్రేకపడితే నెత్తురు చేరి ఎరుపు మరింత ఎక్కువవుతుంది. దగ్గరగా చూస్తే కోడిజుట్టులా చిన్న బొడిపెలు ఉన్నాయి. వెనక వేలు చిన్నది, పైకి ఉంది. కొమ్మని పట్టుకోలేదు. దేవదారు కొమ్మ మీద సారసం నిలబడ్డ బొమ్మలు చైనాలో లక్షల్లో ఉన్నాయి, ఆ పాదం అందుకు పనికిరాదు. చక్రవర్తి తన రెంటినీ పైకప్పు మీద నిలిపాడు. అక్కడ పట్టుకోవాల్సిన అవసరం లేదు, ఆనితే చాలు.

ఇంకో సంగతి నేను ముందునుంచీ చూడాలనుకున్నది. నిలబడ్డ సారసానికి తోక నల్లగా కనిపిస్తుంది. అందుకే చాలామంది చిత్రకారులు ఎగిరే సారసానికి కూడా నల్లతోకే పెట్టేశారు. నిజానికి ఆ నలుపు రెక్క లోపలి ఈకలది.

గేటు తీశారు. మొదట ఒకటి, దాని వెనక ఏడెనిమిది, పరుగెత్తి లేచాయి. మెడలు ముందుకి, కాళ్లు వెనక్కి, రెండూ నిటారుగా. మా తలల మీదుగా పోతున్నప్పుడు రెక్కల చప్పుడు వినిపించింది. రెక్క కొసలు తెలుపు, ఒంటి దగ్గర అంచు నలుపు, తోక పూర్తిగా తెలుపు. రెల్లు మీద పెద్ద వలయం తిరిగాయి. ఒకటి తల వెనక్కి తిప్పి చూసింది.

"మావయ్యా, చూశారా దాన్ని!" అని మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

అవి దిగడం మొదలుపెట్టాయి. కాళ్లు కిందికి వేలాడేసి, రెక్కలు గొడుగులా నిలిపి, నాలుగడుగులు పరుగెత్తి ఆగాయి. మా ఎదుట ఉన్నది ఒకసారి ఒళ్లు విదిల్చి రెక్కలు ముడిచింది. తోక నల్లబడింది.